మూడు గళ్ల ముత్తక్క

మధిరలో అబ్దుల్ సత్తార్ పెయింటర్‌కు ఒక్క ముఖమే గీయడం వచ్చు. ఆ ముఖం ఆయన బావమరిదిది. మీసం పెడితే ఎన్నికల అభ్యర్థి, కళ్లద్దాలు పెడితే పళ్ల డాక్టరు, టోపీ పెడితే ట్రాఫిక్ పోలీసు. ఎన్నికలొస్తే రైల్వే గేటు నుంచి బస్టాండు దాకా అన్ని పార్టీల గోడల మీదా ఆ బావమరిదే చేతులు జోడించి నిలబడేవాడు. నిజానికి ఆయన బోనకల్‌లో ఎరువుల దుకాణం గుమస్తా. మధిరకు వచ్చినప్పుడల్లా గోడల వంక చూడకుండా తల వంచుకుని నడిచేవాడు.

అక్షరాల దగ్గర మాత్రం సత్తార్‌కు ఊళ్లో పోటీ లేదు. కూతురు ఇస్మత్ బడికి పోకముందే నాన్న రాసిన బోర్డులు చూసి చదవడం నేర్చుకుంది. అందుకే అందరి పిల్లల్లా ఆమె అమ్మతోనో ఆవుతోనో మొదలుపెట్టలేదు. ‘క్షౌరశాల’తో మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్ల పలక మీద ‘క్షౌ’ రాసి చూపిస్తే టీచరమ్మ ఆ పలకను రెండుసార్లు తిప్పి చూసింది.

ఇస్మత్‌కు పన్నెండేళ్లప్పుడు ఓ ఎన్నికల సీజన్లో సత్తార్ నిచ్చెన దిగి భోజనానికి ఇంటికెళ్లాడు. గోడ మీద ముఖం తప్ప మిగతాదంతా అయిపోయింది. ఆ అభ్యర్థి ముందురోజే వాళ్ల వీధిలోకి ఓట్లకు వచ్చాడు. ఇస్మత్ ఆయన్ని దగ్గర నుంచి చూసింది. నిచ్చెనెక్కి చూసింది చూసినట్టు వేసేసింది: రెండు గదవలు, సగం మూసుకున్న ఎడమకన్ను, చెవుల్లోంచి బయటికొచ్చిన వెంట్రుకలు. సత్తార్ తిరిగొచ్చేసరికి గోడ ముందు యాభై మంది జనం. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

అభ్యర్థి మనుషులు వచ్చి చాలాసేపు ఆ బొమ్మనే చూశారు. ఎక్కడ తప్పుందో వాళ్లు చెప్పలేకపోయారు.

“మా అన్న గిట్ల ఉండడు,” అన్నాడు చివరికి ఒకడు.

“అచ్చం గిట్లనే ఉంటడు గదా,” అంది ఇస్మత్ నిచ్చెన మీంచే.

సత్తార్ సున్నం కొట్టి, గోడ ఆరాక బావమరిదిని గీసి గొడవ తీర్చాడు. ఆ సాయంత్రం కూతురికి బుద్ధి చెప్పాడు. “బేటా, ఉన్నదున్నట్టు గీస్తే మళ్లీ సున్నం కొట్టాల్సింది మనమే.” ఇస్మత్ తలూపింది. ఆమెకు సున్నం గుర్తుండలేదు. యాభై మంది ఒకేసారి నవ్విన చప్పుడే చెవుల్లో ఉండిపోయింది.

ఆమె డిగ్రీ పూర్తిచేసే నాటికి ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చాయి. నాయకులకు సొంత ముఖాలు దొరికాయి, బావమరిదికి విముక్తి దొరికింది, సత్తార్‌కు పని పోయింది. ఆయన బండ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటూ ఫ్లెక్సీని తిట్టుకుంటూ ఉండిపోయాడు. ఇస్మత్ డీటీపీ నేర్చుకుంది. ఖమ్మంలో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే ఖాలిద్‌తో పెళ్లయింది. పెళ్లయిన ఏడాదికి, 2008లో, ‘మున్నేటి వార్త’ అనే జిల్లా పత్రికలో పేజీలు పెట్టే ఉద్యోగం దొరికింది.

‘మున్నేటి వార్త’లో అందరూ అన్ని పనులూ చేసేవాళ్లు. రాశిఫలాలు పంపే జ్యోతిష్కుడు మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే ఆరు నెలలు జిల్లా ప్రజల భవిష్యత్తును ఇస్మతే రాసింది. ఎవరికీ తేడా తెలియలేదు. డెస్క్ ఇన్‌చార్జి వెంకటేశ్వరరావుది సింహరాశి అని తెలిశాక, ఆ రాశివాళ్లు కింది ఉద్యోగుల మీద అరిస్తే అనారోగ్య సూచన ఉందని వారానికి మూడుసార్లు రాసేది. ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు. మోకాలు బాగయ్యి జ్యోతిష్కుడు తిరిగొచ్చాక మళ్లీ పెంచాడు.

ఒకరోజు సాయంత్రం ఐదింటికి చీరల దుకాణం వాళ్లు ఫోన్ చేసి ప్రకటన వద్దన్నారు. పేజీ అడుగున బారెడు ఖాళీ.

“ఏదన్నా పెట్టమ్మా. సూక్తులు పెట్టు,” అన్నాడు వెంకటేశ్వరరావు.

“సూక్తులన్నీ అయిపోయినయి సార్. మహానుభావులు ఇంకా చెప్తే గాని లేవు.”

“అయితే నువ్వే ఏదన్నా గీకు. జల్దీ.”

ఇస్మత్ పాత ప్రూఫు కాగితం వెనక మూడు గళ్లు గీసింది. అందులో ఒక ముసలామెను పెట్టింది. గట్టి మనిషి, నుదుట పచ్చబొట్టు, చేతిలో సంచి. మొదటి గడిలో ముసలామె బస్సెక్కి, ఆడవాళ్ల సీట్లో కూర్చున్న మగవాణ్ని లేవమంటుంది. రెండో గడిలో వాడు, “మొగోళ్లు కూసోవద్దని ఏడ రాసుంది?” అంటాడు. మూడో గడిలో ముసలామె వాడి ఒళ్లోనే కూర్చుని ఉంటుంది. “నీ మీద గూడ ఏం రాసి లేదు గదా,” అంటుంది.

ఆమెకు పేరు కావాలి. ఇస్మత్ బుర్రలో అప్పటికే ఒక పేరు తిరుగుతోంది. ములకలపల్లి విలేకరి శ్రీను ఏ వార్త పంపినా అందులో ఒకే మనిషి మాట్లాడేది. నీళ్లు రాకపోయినా, బస్సు రాకపోయినా, ఎలుగుబంటి వచ్చినా, ‘అని గ్రామానికి చెందిన ముత్తక్క అనే వృద్ధురాలు వాపోయింది’ అని ముగించేవాడు. బద్ధకస్తుడైన శ్రీను కల్పించుకున్న మనిషని డెస్క్‌లో అందరి నమ్మకం. ఎవరిదీ కాని పేరు కదా అని ఇస్మత్ ఆ ముసలామెకు ముత్తక్క అని పెట్టేసింది.

మర్నాడు ఆఫీసుకు పన్నెండు ఫోన్లు వచ్చాయి. పదకొండు మంది రేపు కూడా వేయమన్నారు. పన్నెండోవాడు ఆ బస్సులో ఉన్నది తను కాదని చెప్పడానికి చేశాడు.

అట్లా ‘ముత్తక్క మాట’ రోజూ రావడం మొదలైంది. ఇస్మత్ పొద్దున పేజీలు చూసుకునేది, నాలుగింటికి పెన్సిల్ పట్టేది, ఐదున్నరకు స్కాన్ చేసేది. రాత్రి పేపరు అచ్చుకు పోకముందే ఖాలిద్‌కు ఫోన్లో చదివి వినిపించేది. ఖాలిద్ ఎప్పుడూ నవ్వలేదు. “బాగుంది” అని మాత్రం అనేవాడు, కూలరుకు కొత్త మోటరు బిగించాక చెప్పినట్టు.

మూడేళ్ల తర్వాత, ఒక మంగళవారం మధ్యాహ్నం, ముత్తక్క ఆఫీసుకు వచ్చింది.

అరవై ఏళ్లుంటాయి. బక్కపలచని మనిషి. నెత్తిన గంప. ఆ గంప వెనక తల దాచుకుంటూ శ్రీను. ఆమె డెస్క్ మధ్యలో గంప దించి అందరినీ ఒకసారి చూసింది.

“నన్ను బొమ్మలేసేది ఎవలు?”

వెంకటేశ్వరరావు ఇస్మత్‌ను చూపించాడు. అంత వేగంగా ఆయన ఏ పనీ చేయగా ఎవరూ చూడలేదు.

“నేను మొగోని ఒళ్లె కూసున్ననంటివి. మా ఊరంత మూడేండ్ల సంది నవ్వుతాండ్రు.”

“తప్పయింది అవ్వా. నువ్వు నిజంగ ఉన్నవని తెల్వదు,” అంది ఇస్మత్.

“ఉండకేంది! గీ శ్రీనుగాడు నాతోటి మాట్లాడక ఒక్క వార్త రాసిండా?” అని ముత్తక్క ఇంకో అడుగు ముందుకు వేసింది. “కూసుంటే కూసున్న, దాందేముంది, ఆడు లేవకపోతే నిజంగనే కూసుంట. కానీ నా చేతికి సంచి ఇచ్చినవేంది? నేనేమన్న టీచరమ్మనా? నాకు గంప ఉండాలె. ఇంకోటి. మొన్న శ్రీనుగాని వార్త జూసి అడివాఫీసరు నా గొడ్డలి గుంజుకున్నట్టు ఏసినవ్. ఆడు గుంజిండు గని నేనిచ్చిన్నా? ఇయ్యలే. నన్ను జూసి ఆడే జీపెక్కిండు. పేపర్ల అబద్దం రాస్తరా?”

‘మున్నేటి వార్త’ చరిత్రలో సవరణ అనేది ఎన్నడూ వేయలేదు. ఒకసారి బతికున్న రిటైర్డు హెడ్మాస్టరు చనిపోయాడని వేశారు. ఆయన స్వయంగా ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చుని టీ తాగి చెప్పినా సవరణ వేయలేదు. ముత్తక్కకు మాత్రం వేశారు. మర్నాడు మూడు గళ్లలో ఆమె గంప నెత్తిన పెట్టుకుని, భుజాన గొడ్డలి వేసుకుని నిలబడింది. దూరంగా జీపు పారిపోతోంది.

ఆ తర్వాత సోమవారం సోమవారం ముత్తక్క ఫోన్ చేసేది. మొదట్లో శ్రీను ఫోనులోంచి, తర్వాత సొంత ఫోనులోంచి. బీడీల తునికాకు కోసే సీజన్లో ఎవరు ఎవరి కట్టలు మార్చారో, ఇప్పపువ్వు ఏరుతుంటే ఎలుగు ఎదురైతే ఏ మగవాడు ముందు పరుగెత్తాడో చెప్పేది. మధ్యలో తన మనవరాలు దుర్గతో కోయ భాషలో ఏదో అని, ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్లు. అదేమిటో ఇస్మత్‌కు చెప్పేవాళ్లు కాదు. “అది మీ పేపర్ల పట్టదులే,” అనేది ముత్తక్క.

2017లో ఒక సోమవారం ఆమె శంకుస్థాపనల సంగతి చెప్పింది. వాళ్ల గూడేనికీ రోడ్డుకీ మధ్య వాగుంది. ఆ వాగు మీద చిన్న వంతెన కడతామని జిల్లా నాయకుడొకాయన మూడుసార్లు వచ్చి మూడుసార్లు రాయి పాతి, మూడుసార్లు టెంకాయ కొట్టి పోయాడు. వంతెన లేదు. రాళ్ల మీద మాత్రం గూడెం ఆడవాళ్లు చింతపండు కొట్టుకుంటున్నారు.

ఇస్మత్ గీసింది. మొదటి గడిలో నాయకుడు రాయి పక్కన చేతులు ఊపుతూ, “ఇది మూడో శంకుస్థాపన, సంతోషమేనా అవ్వా?” రెండో గడిలో ముత్తక్క, “శానా సంతోషం బిడ్డా. ఇంకో రెండు ఎయ్యి.” మూడో గడిలో ఆమె ఆ శిలాఫలకాల మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వాగు దాటుతుంటుంది. “కాళ్లు తడ్వకుండ పోవచ్చు,” అంటుంది. నాయకుడి ముఖం ఇస్మత్ ఉన్నదున్నట్టే వేసింది.

మర్నాడు పదకొండింటికి నలభై మంది ఆఫీసు మీదికొచ్చారు. ప్రతులు తగలబెట్టడానికి వాళ్ల దగ్గర ప్రతులు లేవు. ఎదురు కొట్టుకు పోయి కొనుక్కొచ్చి తగలబెట్టారు. అవి చాలక బస్టాండుకు మనిషిని పంపారు. పత్రిక పెట్టిన నాటి నుంచి ఖమ్మంలో అన్ని ప్రతులూ అమ్ముడుపోయింది ఆ ఒక్కరోజే. ఇస్మత్ ధైర్యంగా ఎదురు నిలబడిందని తర్వాత జనం చెప్పుకున్నారు గాని, ఆ ముప్పావుగంటా ఆమె బాత్రూములో గడియ పెట్టుకుని ఉంది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

యాజమాన్యం వెంకటేశ్వరరావు చేత కబురు పంపింది. “క్షమాపణ బొమ్మ వెయ్యాలంట. లేకపోతే నువ్వు రానక్కర్లేదంట. నాదేం లేదమ్మా ఇందులో,” అన్నాడు ఆయన. నిజంగానే ఆయనదేం లేదు. ఏ విషయంలోనూ ఆయనది ఏమీ ఉండేది కాదు.

ఇస్మత్ ఒక్కరోజు గడువు అడిగి ములకలపల్లి బయల్దేరింది. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆపైన శ్రీను బండి. ఎనిమిదేళ్లుగా రోజూ అడవిని గీస్తున్న మనిషి అడవిని చూడటం అదే మొదటిసారి. తను గీసిన చెట్లన్నీ మధిర క్యాలెండర్లలోని చెట్లని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. శ్రీనును రెండుసార్లు బండి ఆపమని, తునికి చెట్టు ఆకు ఒకటి, ఇప్పచెట్టు ఆకు ఒకటి కోసి బ్యాగులో పెట్టుకుంది.

ముత్తక్క వాగు ఒడ్డుకు తీసుకుపోయింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఒక రాయి మీద కూర్చుంది.

“మాఫీ అడగమన్నరా?”

“అవ్ అవ్వా.”

“అడుగు మరి. తప్పు మనదే.”

ముత్తక్క వాగులోకి వేలు చూపించింది. ఇసుకలోంచి ఓ పలక మూల పైకి తేలి ఉంది.

“రాళ్లు మూడు గాదు బిడ్డా, నాలుగు. ఒకటి నిరుడు వరదకు కొట్టుకపోయింది. నేనే మర్సిన.”

మర్నాటి పత్రికలో మూడు గళ్లలోనూ ముత్తక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ‘మొన్నటి బొమ్మలో మూడు శంకుస్థాపనలు అని తప్పుగా వేశాము. అవి నాలుగు. నాయకుడు గారి శ్రమను తక్కువ చేసినందుకు మన్నించగలరు.’ వెంకటేశ్వరరావు ‘క్షమాపణ’ అన్న శీర్షిక ఒక్కటే చదివి పేజీ వదిలేశాడు. తెల్లారి పది గంటలకు ఇస్మత్ ఉద్యోగం పోయింది.

ఆ ఖాళీలో సుడోకు వేశారు. ఇస్మత్ ఖాలిద్ దుకాణంలో కూర్చుని, మరమ్మతుకొచ్చిన కూలర్ల మీద సుద్దముక్కతో ముత్తక్కను గీసేది. తుడిచి ఇస్తామంటే జనం వద్దనేవాళ్లు. పగలంతా నవ్వుతూనే ఉండేది. నాలుగు కొట్టేసరికి మాత్రం చేతులు ఏం చేయాలో తెలియక, తీసిన బోల్టులన్నీ సైజులవారీగా సర్దేది. ఖాలిద్ అది చూశాడు. ఏమీ అనకుండా రోజూ నాలుగింటికి ఆమె ముందు తెల్లకాగితాలు పెట్టి, పోయి పని చేసుకునేవాడు. మధిర నుంచి సత్తార్ వచ్చి ఆ కాగితాలన్నీ తిరగేశాడు. “ఒక్కో బొమ్మలో ఒక్కో ముఖం ఎట్లా గీస్తవ్ బేటా?” అని అడిగాడు. తండ్రి తన పని గురించి అడిగింది అదొక్కసారే.

ఉద్యోగం పోయిన ఎనిమిదో నెలలో ఆ నాయకుడు యాజమాన్యానికి గిట్టని పార్టీలోకి మారాడు. ఆ వారంలోనే యాజమాన్యానికి పత్రికా స్వేచ్ఛ గుర్తొచ్చింది, ఇస్మత్ కూడా గుర్తొచ్చింది. ఆమె తిరిగొచ్చి సుడోకును పక్క పేజీకి జరిపింది. వాగు మీద వంతెన కూడా వచ్చింది, ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు.

అసలు చిక్కు 2019లో వచ్చింది. పంచాయతీ ఎన్నికల్లో ముత్తక్క వార్డు మెంబరుగా నిలబడింది. ‘పేపర్లో ముత్తక్క’ అంటే మండలమంతా తెలుసు. ప్రచారం అవసరం లేకుండా గెలిచింది. ఇస్మత్ ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచింది.

ఆరు నెలలకు సోమవారం ఫోన్లు పలచబడ్డాయి. వచ్చినా రుచి లేదు. “రోడ్డు శాంక్షనయితది. బోరింగు ప్రాసెస్‌ల ఉంది,” అనేది ముత్తక్క. ‘ప్రాసెస్’ అన్న మాట విని ఇస్మత్ ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకుంది. తర్వాత దుర్గే చెప్పింది, వార్డులో బోరింగు చెడిపోయి నలభై రోజులయిందని, ఆడవాళ్లు అడగబోతే నానమ్మ ‘రేపు రండి’ అంటోందని.

ఇస్మత్ రెండు రోజులు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ఆ మనిషి మీద బొమ్మ వేయడమంటే సొంత చేతిని కొట్టుకున్నట్టుంది. వేయకపోతే ఆ నలభై మంది మీదికొచ్చిన రోజు బాత్రూములో కూర్చున్నదానికి అర్థం లేదనిపించింది. వేసింది. మొదటి గడిలో గంప పెట్టుకున్న ముత్తక్క ఒక ఇంటి ముందు ధర్నాకు కూర్చుంటుంది. రెండో గడిలో తలుపు తీసుకుని వచ్చేది వార్డు మెంబరు ముత్తక్క, మెడలో ఇంకా వాడని దండ. మూడో గడిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. “రేపు రా,” అంటుంది ఇంట్లోంచి వచ్చిన ఆమె. “నేను రేపు వస్త, నువ్వుంటవా?” అంటుంది బయట కూర్చున్న ఆమె.

ఏడున్నరకే ఫోను మోగింది.

“నా మీదనే ఏస్తవా? నా పేరు మీద బతికినదానివి నువ్వు!”

“అవ్ అవ్వా. నీ పేరు మీదనే బతికిన.”

“మరి?”

“బోరింగు చెడిపోయిందా లేదా?”

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. ఐదు నెలలు ముత్తక్క ఫోన్ చేయలేదు. ఆ ఐదు నెలలూ ఇస్మత్ గీసినవి నాసిగా ఉన్నాయి. ఆమెకు తెలుసు. ఖాలిద్ కూడా ‘బాగుంది’ అనడం మానేశాడు. సోమవారం వస్తే ఆమె ఫోను ముందు పెట్టుకునే కూర్చునేది.

బోరింగు మాత్రం నాలుగో రోజే బాగయింది. మండలాఫీసులో గుమస్తా టేబులు ముందు ముత్తక్క గంప దించి, అందులోంచి దుప్పటి తీసి పరుచుకుని పడుకుందనీ, మెకానిక్‌ను జీపెక్కించాకే లేచిందనీ శ్రీను వార్త రాసి పంపాడు. ‘అని ముత్తక్క అనే వార్డు సభ్యురాలు తెలిపింది’ అని చివర ఉంది. ఇస్మత్ ఆ పేజీ తనే పెట్టింది. వెంకటేశ్వరరావు సింగిల్ కాలమ్ చాలన్నా వినకుండా మూడు కాలమ్‌లకు లాగింది.

ఐదు నెలల తర్వాత ఒక సోమవారం ఫోను వచ్చింది. పలకరింపు లేదు. “ఈసారి ఎలుగుబంటి బడిల జొచ్చింది, రాసుకో,” అని ముత్తక్క మొదలుపెట్టింది. ఆ బొమ్మ గురించి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

కరోనా కాలంలో ‘మున్నేటి వార్త’ సగం పేజీలకు తగ్గింది. తర్వాత అచ్చే మానేసి ఫోన్లోకి పోయింది. ‘ముత్తక్క మాట’ ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఇస్మత్ పేరు ఉన్న చోట వేరేవాళ్లు తమ దుకాణాల పేర్లు పెట్టుకుని పంపుకుంటున్నారు. ఆమె కొన్నాళ్లు పోట్లాడింది. ఆ తర్వాత సంతకాన్ని ముత్తక్క చీర అంచు డిజైనులో కలిపేసింది. చెరపాలంటే ముత్తక్క చీరే చెరపాలి. ఆ పని చేయడానికి ఇంకా ఎవరికీ ధైర్యం చాలలేదు.

మొన్నటి ఎన్నికల్లో ముత్తక్క సర్పంచికే నిలబడింది. డెబ్బై దాటినా ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు ఓట్లతో ఓడిపోయింది. తెల్లారి ఏడింటికి ఇస్మత్‌కు ఫోను.

“ఓడిన,” అంది. గొంతులో దిగులేమీ లేదు.

“అయ్యో అవ్వా.”

“అయ్యో లేదు, కుయ్యో లేదు. ఆ పదకొండు మంది ఎవలో నాకెర్క. ఒక్కొక్కన్ని జెప్త. ముక్కులెట్లుంటయో గూడ జెప్త. కాయితం తీసినవా?”

ఇస్మత్ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పెన్సిల్ వెతుక్కుంది.

“తీసిన అవ్వా. మొదటోడు ఎవరు?”